సగటు చూసి మనిషిని ఇంటికి పంపేవాళ్లకు

ఈరోజు శుక్రవారం కదా, కొంచెం పొడుగ్గానే రాస్తున్నా. ఓపిక ఉన్నోళ్లు చదవండి. సైట్లలో సూపర్‌వైజర్లుగా, ఫోర్‌మన్లుగా, టైమ్ కీపర్లుగా చేసేవాళ్లు మాత్రం తప్పకుండా చదవండి. ఇది మనం రోజూ మన చేత్తో నింపే కాగితం గురించి.

ఇప్పుడు కంపెనీల్లో కొత్త మాట ఒకటి నడుస్తా ఉంది. "డేటా చెప్తుంది" అని. ఎవరిని ఉంచాల, ఎవరి అకామా రెన్యువల్ చెయ్యాల, ఎవరికి ఓటీ ఇవ్వాల, అన్నీ డేటానే చెప్తుందంట. ఏసీ గదిలో పెద్ద స్క్రీను, దాంట్లో పచ్చ గీతలు, ఎర్ర గీతలు. ఎర్ర గీత పక్కన పేరు పడిందంటే ఆ మనిషికి టికెట్ తీసేస్తారు.

నేను పదో తరగతి చదివినోడిని. లెక్కలంటే నాకేం పగ లేదు. లెక్క లేని సైటులో సిమెంటు మూటలు ఎట్లా మాయమవుతాయో నాకు బాగా తెలుసు. సగం లెక్క చూసి పూర్తి తీర్పు చెప్తున్నారే, దాని మీదే నా గొడవ.

ప్లాస్టరింగ్ తీసుకోండి. రోజువారీ రిపోర్టులో ఏముంటాది? పేరు, గంటలు, చదరపు మీటర్లు. అంతే. హాల్లో పెద్ద గోడ చేసే మేస్త్రీకి బద్ద లాగినంతసేపూ మీటర్లే మీటర్లు. మెట్ల కింద, బీము పక్కల్లో, కిటికీ అంచుల్లో, పైపుల షాఫ్టుల్లో చేసేవాడికి రోజంతా అంచులు తీయడానికే సరిపోతాది. ఆ పని మనం ఎవరికి ఇస్తాం? చెయ్యి తిరిగినోడికే కదా! కొత్తోడికి ఇస్తే మళ్లీ పగలగొట్టాల. అంటే పనిమంతుడు ఎవడో వాడి పేరే షీటులో అడుగున పడతాది.

నాకు తెలిసిన ఒక కంపెనీలో, పేరెందుకులే, ఇట్లాగే ఒక పెద్ద మేస్త్రీ పోయినాడు. మా కడప జిల్లా మనిషే. ఆయన మీటర్లు తక్కువని రెన్యువల్ ఆపేసినారు. కూతురి పెళ్లి అప్పు ఇంకా తీరనేలేదు. ఆయన పోయినాక ఏమైందో తెలుసా? కిటికీ అంచులు సాపుగా లేవని అల్యూమినియం వాళ్లు ఫ్రేములు పెట్టకుండా వెనక్కి పోయినారు. ఆ అంచులన్నీ పగలగొట్టి మళ్లీ చేయించినారు. ఇప్పుడు వినండి తమాషా. మళ్లీ చేసిన ఆ పని గూడా షీటులో మీటర్లుగానే ఎక్కింది. ఒకే కిటికీకి రెండుసార్లు లెక్క! స్క్రీనులో గీత పచ్చగా పైకి లేచింది. పైన కూర్చున్న సార్లు చప్పట్లు కొట్టింటారు.

ఇంక ఎండ సంగతి. కువైట్‌లో జూన్ 1 నుంచి ఆగస్టు 31 దాకా పగలు 11 నుంచి 4 గంటల వరకు బయట ఎండలో పని చేయించగూడదు, నిషేధం ఉంది. ఊరికే పెట్టలేదు దాన్ని. 2016 జూలై 21న మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైంది, ప్రపంచ వాతావరణ సంస్థ గూడా ఒప్పుకున్న లెక్క అది. అట్లాంటి దేశంలో జనవరి మీటర్లనీ జూలై మీటర్లనీ పక్కపక్కన పెట్టి "ప్రొడక్టివిటీ పడిపోయింది" అంటారు. వాన పడిన ఏడు శనక్కాయలు చూపించి, కరువు ఏడు రైతును సోమరి అన్నట్టుంది.

2020 గుర్తుందా? ఏప్రిల్‌లో మన జలీబ్ మొత్తాన్ని మూసేసినారు, జూలై దాకా తియ్యలేదు. కేసులెక్కువ అన్నారు. కేసుల లెక్క నిజమే కావచ్చు. గదికి ఎంతమంది పడుకుంటున్నాం, బాత్రూముకు ఎంతమంది లైను కడుతున్నాం అనే లెక్క పక్కన లేకపోయేసరికి, "అబ్బాసియా వాళ్లంతే" అని మన మీద మాట పడింది.

కాంక్రీటుకున్న మర్యాద గూడా మనిషికి లేదు ఇక్కడ. మన దేశంలో ఐఎస్ 456 అని కోడ్ ఉంది. ఒక శాంపిల్‌కు మూడు క్యూబులు పోస్తాం, 28 రోజులకు నలగగొట్టి సగటు తీస్తాం. ఆ మూడింట్లో ఏ ఒక్కటి సగటుకు 15 శాతం మించి అటూ ఇటూ పోయినా ఆ శాంపిలే చెల్లదు. సగటు బాగుంది కదా అని ఎవడూ సంతకం పెట్టడు. సరిగ్గా కుదించలేదా, నీళ్లలో పెట్టలేదా అని అడుగుతాడు. సిమెంటు దిమ్మెకు ఇంత విచారణ ఉంది. పదైదేళ్లు చెమటోడ్చిన మేస్త్రీని మాత్రం ఒక్క మాట అడగరు.

"సూపర్‌వైజర్ల మాట నమ్మితే వాళ్ల ఊరోళ్లకే ఎక్కువ రాసుకుంటారు" అని మేనేజర్లు అంటారు. అనడంలో తప్పేం లేదు. అట్లా రాసేవాళ్లు మనలో ఉన్నారు, నాకు తెలుసు, మీకూ తెలుసు. అందుకే లెక్క ఉండాల్సిందే అంటున్నా. ఇంకో మూడు గడులు పెట్టండి అంటున్నా, అంతే. ఎక్కడ చేసిన పని, ఎన్ని గంటలు సామాను కోసం ఆగినారు, మొదటిసారా, మళ్లీ చేసిందా. ఇసక బండి రాక రెండు గంటలు కూర్చున్న మనిషి ఖాతాలో ఆ రెండు గంటలు ఎందుకు పడాల? బండి పంపనోడి ఖాతాలో పడాల.

కంపెనీ ఆ గడులు పెట్టేదాకా మనం ఆగొద్దు. రిమార్క్స్ అని చివర ఒక గడి ఉంటాది, మనం రోజూ ఖాళీగా వదిలేసేది. దాంట్లో రాయండి. ఇంగ్లీషు రాదని సిగ్గుపడొద్దు. "షాఫ్ట్", "వెయిటింగ్ ఫర్ సాండ్", "రీవర్క్" ఈ మూడు నేర్చుకుంటే చాలు. ఆఫీసుకు ఇచ్చే ముందు షీటుకు ఫోటో తీసి ఫోన్లో పెట్టుకోండి. రెన్యువల్ మీటింగ్ ఉన్న నెలలో మీ మనుషుల పేరు ఎర్ర గీత పక్కన కనిపిస్తే ఆ ఫోటోలు తీసుకోని లోపలికి పోండి.