కొమ్ములు చూసి కొందామా, నడక చూసి కొందామా?

మన కాలేజీ సైకిల్ స్టాండు పేరుకే సైకిల్ స్టాండు. సైకిళ్ళను వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. మిగిలినవన్నీ మోటారు సైకిళ్ళే. అందులోనూ గుండ్రని హెడ్‌లైటు, బొద్దు టాంకీ, తళతళలాడే సైలెన్సరు గల పాతవాటం బండి ఒకటి వచ్చి ఆగిందంటే, క్లాసుకు వేళైపోయినవాడు కూడా వెనుదిరిగి చూస్తాడు. నేనూ చూస్తాను. చూడనని అబద్ధమాడలేను.

"రెట్రో" అనే మాట ఇప్పుడు గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు కుర్రకారు నోట బాగా నలుగుతున్నది. 2025 సెప్టెంబరులో 350 సిసి వరకు బళ్ళమీద జి.ఎస్.టి. 28 శాతం నుండి 18 శాతానికి దిగాక మోజు మరీ ముదిరింది. ఆ మోజు మా యింట్లోకీ వచ్చింది. మాది గద్వాల నుండి అయిజ పోయే దారిలో ఒక పల్లె. సీడు పత్తి పైకం చేతికి రాగానే తమ్ముడు బుల్లెట్ కావాలని పట్టుబట్టాడు. మా నాయిన ఒక్కటే అడిగాడు: "ఎద్దును కొమ్ములు చూసి కొంటమా, నడక చూసి కొంటమా? పెబ్బేరు సంతల ఎన్నిసార్లు చూసినవ్‌రా!" ఆపైన నా వైపు తిరిగి, "నువ్వు సైన్సు చదువుతున్నవు గద, నువ్వే తేల్చు" అన్నాడు. అట్లా యీ పరీక్ష నా నెత్తిన పడింది.

ముందుగా అసలైన పాతబళ్ళ సంగతి. బుల్లెట్టు 1955 నుండి మద్రాసులో తయారైంది. జావా 1961 నుండి మైసూరులో తయారై, తరువాత యెజ్డీ పేరుతో వచ్చింది. 1996లో ఆ ఫ్యాక్టరీ మూతబడింది. మన తాతలు వీటి గొప్పలు చెప్తారు గాని తిప్పలు చెప్పరు. ఆనాటి బుల్లెట్‌కు పోత ఇనుము ఇంజను. అతుకుల వద్ద నూనె చెమర్చేది. కిక్కు కొట్టే ఒడుపు తెలియకుంటే ఎదురు తన్నేది. గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. జావా, యెజ్డీలకు పెట్రోలులో ఆయిలు కలిపి పోయాలి. పాళ్ళు తప్పితే ప్లగ్గు మూసుకుపోవడం, సైలెన్సర్లలో మసి పేరుకోవడం. పాయింట్లు అరగడం, కండెన్సరు చావడం అన్నింటికీ ఉన్న రోగమే. ఐనా ఒక సుఖం ఉండేది. చింతచెట్టు కింద కూర్చున్న మెకానిక్కు ఉప్పుకాగితంతో పాయింట్లు రుద్ది, అరగంటలో పంపించేవాడు.

ఇక నేటి బళ్ళు. రూపం తాతది, లోపల అంతా మనవడిదే! 2009లో వచ్చిన క్లాసిక్ 350కి అల్యూమినియం ఇంజను పెట్టారు. దానితో నూనె కారడం చాలావరకు తగ్గింది గాని అదురు పోలేదు. వేగం పెంచితే అద్దాలు వణికేవి. 2021లో వచ్చిన కొత్త క్లాసిక్‌లో అదురును అణచడానికి బాలెన్సర్ షాఫ్టు చేర్చారు. 2018లో జావా తిరిగి వచ్చింది, 293 సిసి ఇంజనుతో. దానికి రేడియేటరు ఉన్నది. చురుకైన బండే, కాని మన బురదలో, దుమ్ములో ఆ రేడియేటరు రెక్కలు మూసుకుపోకుండా, కూలెంటు తగ్గకుండా చూసుకోవాలి. 2020లో హోండా హైనెస్ సీబీ 350, 2022లో కొత్త యెజ్డీ వచ్చాయి.

లోపం లేని కంపెనీ ఉందా? లేదు. 2021 మేలో రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇగ్నిషన్ కాయిల్ లోపం వల్ల 2,36,966 బళ్ళను వెనక్కు పిలిచింది. అదే ఏడు డిసెంబరులో వెనుక బ్రేకు వద్ద ఒక బ్రాకెట్ లోపానికి 26,300 క్లాసిక్‌లను పిలిచింది. హోండా కూడా 2023 డిసెంబరులో సీబీ 350 బళ్ళను పిలిచింది. బండి పడిపోతే ఇంజనును ఆపే సెన్సారులోకి తేమ చేరి, నడుస్తుండగానే ఇంజను ఆగే ప్రమాదమున్నదని. దాచిపెట్టకుండా పిలిచి బాగుచేయడం మెచ్చుకోదగ్గదే. కాని చూడండి, కాయిల్, సెన్సార్! ఆనాటి రోగాలు నూనెవి, మసివి. యీనాటివి కరెంటువి. కంటికి కనపడవు.

మొన్న శ్రావణంలో ఒక రాత్రి మా అవ్వకు ఆయాసం ఎక్కువైంది. మా చిన్నాయిన కిస్తీల మీద కొన్న పాతవాటం బండి ఇంటి ముందే ఉంది. సెల్ఫ్ నొక్కితే టిక్ టిక్‌మన్నదే గాని ఇంజను తిరగలేదు. కిక్కు రాడ్డు లేదు. నూటతొంభై కిలోల బండిని బురదలో ముగ్గురం నెట్టాము, లేవలేదు. పక్కింటాయన పాత వంద సిసి బండి రెండో కిక్కుకు లేచింది. అవ్వను నడుమ కూర్చోబెట్టుకొని గద్వాలకు పోయినాం. అవ్వ బతికింది. ఆ మర్నాడు ఆ బండిని ట్రాలీ ఆటోలో వేసి మెకానిక్కు దగ్గరకు తీసుకపోతే, బ్యాటరీకి చార్జింగు పంపే రెగ్యులేటరు పోయిందన్నాడు. వంద సిసి బళ్ళ రెగ్యులేటరు ఆయన సొరుగులోనే ఉన్నది. దీనిది లేదు. తెప్పిస్తే పదకొండు రోజులు పట్టింది. కంపెనీ పేరు చెప్పను. ఎందుకంటే అదే కంపెనీ బండి మీద మా మేనమామ నాలుగేళ్ళుగా ఏ రోగమూ లేకుండా తిరుగుతున్నాడు.

నాకు తట్టినది ఇది. నమ్మకం అన్నది ఒక లెక్క కాదు, రెండు లెక్కలు. బండి ఎన్నాళ్ళకొకసారి చెడుతుంది అన్నది మొదటిది. చెడితే ఎన్నాళ్ళు మూలన పడుతుంది అన్నది రెండవది. పాతబండి మాటిమాటికీ చెడేది, గంటలో బాగయ్యేది. కొత్తది అరుదుగా చెడుతుంది, చెడితే రోజులు పడుతుంది. హైదరాబాదులో ఉన్నవాడు మొదటి లెక్క చూసుకొంటే చాలు. ఆస్పత్రికి, ఎరువుల దుకాణానికి, మార్కెట్ యార్డుకు బండి తప్ప దిక్కులేని మన పల్లెలకు రెండవ లెక్కే ప్రాణం.

అంతమాత్రాన యీ బళ్ళు చెడ్డవని నేననను. కార్బురేటరు కన్నా ఫ్యూయెల్ ఇంజక్షన్ మేలన్నది ఒప్పుకోవలసిందే. తక్కువ వేగంలో వాటి లాగుడు, కూర్చున్న సుఖం వేరు. మన్ననూరు దాటి నల్లమల అడవిలో శ్రీశైలం దారి పట్టినవానికి ఆ సంగతి తెలుసు. నా మనవి ఒక్కటే. షోరూములో అద్దంలో మొగం చూసుకొనే ముందు మన ఊరి మెకానిక్కును అడగండి: దీని క్లచ్ ప్లేట్లు, రెగ్యులేటరు, కేబుళ్ళు ఇక్కడ దొరుకుతాయా? స్కానరు ఎవరి దగ్గర ఉన్నది? అసలైన పాత జావానో బుల్లెట్‌నో కొనేవారు మరొకటి చూడండి. ఇప్పుడు వస్తున్న పెట్రోలులో 20 శాతం ఇథనాలు. ఇథనాలు తేమను పీల్చుకొంటుందని కెమిస్ట్రీలో చదివినదే. పాత రబ్బరు గొట్టాలు, వాషర్లు మార్పించాలి, నెలల తరబడి టాంకీలో పెట్రోలు నిలువ ఉంచరాదు.

కంపెనీలకూ ఒక మాట. తాతల రూపం తెచ్చారు, సంతోషం. ఆ తాతల కిక్కు రాడ్డును కూడా తేవద్దా? ఐ.టి.ఐ. కుర్రవాళ్ళకు మీ ఇంజక్షన్ పని నేర్పించి, ఒక్కొక్క స్కానరు ఇప్పించవద్దా? బండి గద్వాలకు వచ్చినంత తొందరగా దాని సామాను కూడా రావద్దా?

నాయినకు నేను చెప్పిన తీర్పు ఇది: ఇంటికి వంద సిసి బండి. బుల్లెట్టు తమ్ముడు సంపాదించి కొనుక్కోవాలి. నాయిన తల ఊపాడు. తమ్ముడు వారం రోజులు నాతో మాట్లాడలేదు. "నీకు అందం తెలియదన్నా" అన్నాడు చివరకు. తెలుసు. కాని ఆ రాత్రి అవ్వ నా భుజం మీద తల ఆనించి ఊపిరి కోసం కొట్టుకోవడం కూడా నాకు తెలుసు.

నా లెక్క తప్పని తోచిన మిత్రులు వచ్చే సంవత్సరం సంచికలో తప్పక రాయండి. బండి మీద వచ్చి వాదించినా సరే, అది స్టార్టయితే!

— బి.ఎస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి