గిడ్డంగి జ్ఞాపకము

2023వ సంవత్సరము అక్టోబరు 28వ తేదీన లండను నగరమందలి బ్రిటిష్ లైబ్రరీని దొంగలు కొట్టిరి. వారు గోడకు కన్నము వేయలేదు, తాళము పగులగొట్టలేదు, ఒక్క పుటయైనను చింపలేదు. ఎచ్చటనో కూర్చుండి, కంప్యూటర్ల మార్గమున లోపలికి జొరబడి, సమాచారమును దోచుకొని, మిగిలినదానిని పాడుచేసి, సొమ్ము చెల్లించినగాని విడువమని బెదరించిరి. గ్రంథాలయమువారు సొమ్ము చెల్లింపలేదు. అందులకు వారిని మెచ్చుకొనవలసినదే. కోరినది దక్కకపోవుటచే దొంగలు తాము దోచినదానిని లోకమున వెదజల్లిరి.

ఈ వృత్తాంతము చాలమంది విన్నదే. దానిలో నంతగా నెవ్వరును పట్టించుకొనని భాగ మొకటి కలదు. ఇంగ్లండు ఉత్తరభాగమున యార్క్‌షైరునందు బోస్టన్ స్పా యను గ్రామము చెంత ఆ గ్రంథాలయమునకు గొప్ప గిడ్డంగులు కలవు. అందు యంత్రములే గ్రంథములను దాచును; యంత్రములే తీసి యిచ్చును. దొంగతనము జరిగిన పిమ్మట ఆ గిడ్డంగులలోని గ్రంథములు చెక్కుచెదరక, ఉన్నచోటనే యుండియు, నెలల తరబడి పాఠకులకు దొరకకుండెను. అవి యే పెట్టెలో, ఏ యంతస్తున నున్నవో యెరిగినది కంప్యూటరొక్కటే. లండనులో మనుష్యులు చేతితో తీసి యిచ్చు గ్రంథముల విషయమున మాత్రము కాగితపు చీటీలతో పని కొంతవరకు సాగెను.

పఠనమందిరమున కూర్చుండి యీ పత్రికను చదువు మిత్రులకు ఇది దూరపు ముచ్చటగా తోచవచ్చును. అట్లు కాదని చెప్పుటకే నేడు దీనిని గూర్చి వ్రాయుచున్నాము.

ఇట్టి గిడ్డంగి యెట్లుండునో ముందుగా చెప్పవలెను. రెండు ప్రక్కల ఇనుప అరలు నాలుగైదంతస్తుల మేడ యెత్తువరకు, కొన్నిచోట్ల నంతకు మించియు, లేచియుండును. నడుమ నిరుకైన సందు. ఆ సందున నేలమీద నొక పట్టా, పైకప్పు చెంత నొక పట్టా. ఆ రెంటి నడుమ నిలువు స్తంభమువంటి క్రేను పరుగిడుచుండును. స్తంభము ముందునకు సాగుచుండగనే దానిమీది పీఠము పైకి లేచుచుండును. రెండు చలనములును కలిసి, కోరిన యర యెదుట నిలుచును. అప్పుడు పీఠమునుండి చేతులవంటి కమ్ములు వెలువడి పెట్టెను లాగికొనును. పెట్టెకు అంటించిన బార్‌కోడ్ గీతలను చదివి, ఇది కోరినదేయని రూఢిచేసికొని, యంత్రము దానిని సందు మొదట నున్న పనివాని చెంతకు తెచ్చి దింపును. పూర్వము మనుష్యుడు సరకు చెంతకు పోయెడివాడు. ఇందు సరకే మనుష్యుని చెంతకు వచ్చుచున్నది.

ఇదంతయు కంటికి వింతయే. కాని అసలు వింత క్రేనునందు లేదు. వస్తువునకు చోటు నిర్ణయించుటయం దున్నది. మన పాత కొట్లలో కందులొక ప్రక్క, మినుములొక ప్రక్క, బెల్లపు దిమ్మలు తడి తగులని మూల నుండును. కొట్టు గుమాస్తా కన్నులు మూసికొని చెప్పగలడు. యంత్రపు గిడ్డంగియందు అనేకచోట్ల నట్టి వరుస పాటింపరు. అప్పటికి ఏ యర ఖాళీగా నున్నదో అందే వచ్చిన పెట్టె కూర్చుండును. ఒక్కటే జాతి సరకు పది మూలలందు పది పెట్టెలుగా చెదరియుండవచ్చును. దీనివలన జానెడు చోటైనను వ్యర్థము కాదు, వెదకులాట యుండదు. అయితే లోపలికి పోయి చూచిన మనుష్యునకు ఒక్క ముక్కయు నర్థము కాదు. వరుసయంతయు కంప్యూటరు జ్ఞాపకమున నున్నదిగాని అరలలో లేదు.

ఇట్టి ఎత్తైన గిడ్డంగులలో మొదటిదని చెప్పబడునది 1962లో జర్మనీయందలి గ్యూటర్స్‌లో పట్టణమున బెర్టెల్స్‌మాన్ అను పుస్తకప్రచురణ సంస్థవారి కొరకు వెలసినది. అనగా నీ యంత్రము పుట్టుటయే పుస్తకముల నడుమ పుట్టినది. పాఠకులకు గ్రంథములు తీసి యిచ్చుటకు దీనిని మొట్టమొదట కాలిఫోర్నియాయందలి నార్త్‌రిడ్జి విశ్వవిద్యాలయమువారు 1991లో నియోగించిరి. చికాగో విశ్వవిద్యాలయమువారు 2011లో తెరచిన మన్సూటో గ్రంథాలయమున పఠనమందిరము గాజు గుమ్మటము క్రింద నున్నది. దాని యడుగున భూమిలో సుమారు 50 అడుగుల లోతున 35 లక్షల సంపుటములకు చోటున్నది. అందు గ్రంథములను విషయమునుబట్టిగాక పరిమాణమునుబట్టి పెట్టెల కెక్కింతురు. వేదాంతము ప్రక్కన వంటల పుస్తక మున్నను యంత్రమునకు పట్టింపు లేదు.

పత్రికావృత్తిలో నున్న మాకు వీనిలో నెక్కువ మక్కువ కలిగించునది బోస్టన్ స్పాయందలి వార్తాపత్రికల భవనము. బ్రిటిషువారి పాత పత్రికలు మొదట లండను శివారున కోలిండేలు అనుచోట నుండెడివి. 1940 అక్టోబరులో జర్మను బాంబు పడి వేలకొలది సంపుటములు నశించినవి. బాంబు తప్పినవానిని కాలము విడువలేదు. వార్తాపత్రిక కాగితము కొయ్యగుజ్జుతో చేసినది. దానియందలి ఆమ్లమే దానిని తినివేయును. వెలుతురు తగిలిన పసుపుబారును, మడతపెట్టిన విరుగును, కొన్నాళ్లకు చేతబట్టిన పొడియగును. కోలిండేలు గ్రంథాలయమును 2013లో మూసి, పత్రికలను బోస్టన్ స్పాకు తరలించిరి. క్రొత్త భవనము 2015లో ప్రారంభమైనది. ఆరు కోట్ల సంచికలకు పైబడి, అరలను వరుసగా పరచిన 33 కిలోమీటర్ల పొడవు! లోపల చీకటి, చల్లదనము, గాలిలోని తేమకు కట్టుబాటు. మనము పీల్చు గాలిలో ప్రాణవాయువు నూటికి 21 పాళ్లుండగా, అందు దానిని సుమారు 15 పాళ్లకు తగ్గించిరి. అట్టి గాలిలో కాగితమునకు నిప్పంటుట దుర్లభము. క్రేనునకు వెలుతురును అక్కరలేదు, ఊపిరియు నక్కరలేదు కనుక నీ యేర్పాటు చెల్లినది.

ఈ జాగ్రత్త వట్టి ఆడంబరమని తలపరాదు. 2019 ఫిబ్రవరిలో ఇంగ్లండుననే ఆండోవరు అనుచోట కిరాణా సరకుల యంత్రపు గిడ్డంగి యొకటి అగ్నికి ఆహుతియైనది. పెట్టెలను మోయు యంత్రపు బండి బ్యాటరీ నింపుకొనుచోట మంట పుట్టి, గిడ్డంగి నంతను కబళించినది.

బోస్టన్ స్పా భవనమును తలచునప్పుడు మాకు అసూయ పుట్టుచున్నదని దాచక చెప్పుచున్నాము. మన పత్రికల గతి యేమి? కృష్ణాపత్రిక 1902లో మచిలీపట్టణమున పుట్టినది. ఆంధ్రపత్రిక 1908లో బొంబాయిన పుట్టి 1914లో చెన్నపట్టణమునకు వచ్చినది. తెలుగుజాతి మేల్కొనిన కథయంతయు ఆ పుటలలో నున్నది. కాని తొలినాళ్ల సంచికలను వరుసగా చదువగోరువాడు ఊరూరు తిరుగవలసియున్నది. 1901లో హైదరాబాదున వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము, 1918లో వేటపాలెమున వెలసిన సారస్వత నికేతనము మున్నగునవి ప్రజల చందాలతో, కార్యకర్తల చెమటతో నిలిచినవి. వేటపాలెమువారు పాత పత్రికలను కాపాడిన తీరు జాతి మరువరానిది. అయితే మన వేసవి వేడి, తుపానుల తేమ, చెదపురుగు — ఇవి మంచి మనస్సును చూచి వెనుకకు పోవు. చీకటి, చల్లదనము, పొడిగాలి గల గది యొకటి ప్రతి ప్రాచీన గ్రంథాలయమునకు కావలెను. దీనికి క్రేనులును కోట్ల పౌండ్లును అవసరము లేదు. ప్రభుత్వములు తలచిన నైదేండ్లలో ముగియు పని.

బోస్టన్ స్పానుండి మనము గ్రహింపవలసిన మేలిది. అందుండి గ్రహింపరాని కీడును కలదు.

మన గ్రంథాలయములలోను కార్డు పట్టికలు పోయి కంప్యూటరు పట్టికలు వచ్చుచున్నవి. అవి మేలైనవే. కాని క్రొత్తది వచ్చిన దినముననే పాతదానిని చిత్తుకాగితముల వానికి తూచి యిచ్చు ఉత్సాహము మనవారిలో మెండు. ఇచ్చట లండను వారినుండియే మరియొక యుదాహరణము కలదు. 1867వ సంవత్సరపు శాసనము ననుసరించి మన దేశమున నచ్చుపడిన గ్రంథములలో నేరినవి లండనుకు పోయెడివి. బ్రిటిష్ మ్యూజియమునందు చేరిన తెలుగు గ్రంథముల పట్టికను బార్నెట్ పండితుడు కూర్చగా 1912లో అచ్చుపడినది. ఆ గ్రంథములు 1973లో బ్రిటిష్ లైబ్రరీకి సంక్రమించినవి. 2023లో ఆ లైబ్రరీ కంప్యూటరు పట్టిక మూతపడి మరుసటి జనవరివరకు తెరచుకొనలేదు. బార్నెట్ పట్టిక మాత్రము ఏ గ్రంథాలయపు బీరువాలో నున్నను, ఆ నాళ్లలోను ఎప్పటివలెనే తెరచుకొనుచుండెను. నూరేండ్లు దాటిన అచ్చుపుస్తకమును ఏ దొంగయు రహస్యలిపిలోనికి మార్చలేకపోయెను.

పుస్తకముల మాట యటుండనిండు. 2021 ఏప్రిలులో నెదర్లాండ్సు దేశమున బక్కర్ లోగిస్టిక్ అను సంస్థ గిడ్డంగులకు నిట్టి దెబ్బయే తగిలెను. సరకంతయు లోపలనే యున్నది; ఏది యెక్కడనో తెలియదు; కలము కాగితములతో వెదకుటకు ఆ గిడ్డంగులు మిక్కిలి పెద్దవి. కొన్ని దినములు ఆల్బర్ట్ హైన్ అంగళ్లలో జున్నునకు కరవు వచ్చినది. జున్ను లేక యెవ్వరును చావరు. మందుల గిడ్డంగికో, రక్తనిధికో ఇదే గతి పట్టిన దినమును తలచుకొనవలెను. గ్రంథము ఆరు నెలలు ఆలస్యమైన పాఠకుడు విసుగుకొనును. మందు ఆరు గంటలు ఆలస్యమైన రోగి యుండడు. మన దేశమునను పెద్ద వర్తకసంస్థలు యంత్రపు గిడ్డంగులను నెలకొల్పుచున్నవి. యంత్రములను చేయు సంస్థలును మన దేశమున పుట్టినవి. యంత్రము కూలివాని పొట్టగొట్టునా, నడుము కాపాడునా యను వాదము వేరు, అది పెద్దది, దానిని మరియొక వారమున విచారింతుము. నేటి ప్రశ్న యిది: గిడ్డంగి జ్ఞాపకము ఎవరిచేతిలో నుండవలెను?

ప్రజల సొమ్ముతో కట్టు ప్రతి గిడ్డంగియు — పుస్తకములదికానిండు, ధాన్యముదికానిండు, మందులదికానిండు — ఏ పెట్టె యెక్కడ నున్నదో తెలుపు పట్టికను యంత్రమునకు వెలుపల, తంతులతో సంబంధము లేనిచోట, దినదినము భద్రపరుపవలెనని మేము కోరుచున్నాము. పెట్టెమీద గీతలతోపాటు మనుష్యుని కంటికి తెలియు అక్షరములును ఉండవలెను. క్రేను ఆగినప్పుడు మనుష్యుడు చేరుటకు దారి యుండవలెను. ఆ పట్టిక యజమానిదిగాని యంత్రము నమ్మినవానిది కాదని ఒడంబడికలో వ్రాసికొనవలెను. ఇందులకు సొమ్మెక్కువ యగునని యధికారులు చెప్పుదురు. బ్రిటిష్ లైబ్రరీవారు తమకు జరిగిన నష్టమును, తమ లోపములను దాచక 2024 మార్చిలో నివేదికగా ప్రకటించిరి. అభ్యంతరము చెప్పువారు మొదట దానిని చదువుట మంచిది. తన తప్పును తానే అచ్చువేయించుకొను సంస్థలు మన దేశమున నెన్ని కలవు?

అట్లని మనుష్యుని జ్ఞాపకమే చాలునని మే మనుట లేదు. మే మెరిగిన యొక పట్టణ గ్రంథాలయమున ముప్పదియేండ్లు పనిచేసిన సేవకు డొకడుండెను. పట్టికలో లేని పాత పత్రికల కట్ట లేవి యే బీరువా వెనుకనున్నవో ఆయన కొక్కనికే తెలియును. అడిగిన నిమిషములో తెచ్చి యిచ్చెడివాడు. అందరును మెచ్చుకొనిరి, ఒక్కరును వ్రాసి పెట్టలేదు. ఆయన పని విరమించినది మొదలు ఆ కట్టలు ఆ గదిలోనే యుండి కనబడకున్నవి. బోస్టన్ స్పాయందు దొంగలు చేసిన పనిని ఇచ్చట మన అశ్రద్ధయే చేసినది. ఆయన యింకను ఆ యూరనే, గ్రంథాలయమునకు రెండు వీథుల యవతల, కొమారుని యింట నున్నాడు. జ్ఞాపకము చెడలేదు. నోటుపుస్తకముతో నొక కుర్రవానిని పదిదినములు ఆయన చెంతకు పంపుడని ఆ గ్రంథాలయ సంఘమువారికి రెండుమార్లు వ్రాసితిమి. వచ్చు సమావేశమున ఆలోచింతుమని ప్రత్యుత్తరము వచ్చినది.