ఆదిత్య 369 నుంచి కల్కి దాకా.. మన సీమ సైన్స్ ఫిక్షన్ ఎప్పుడు?

టైమ్ మెషీన్ అనగానే మనకు గుర్తొచ్చేది 1991లో వచ్చిన ‘ఆదిత్య 369’. దీనికి ప్రేరణ హెచ్.జి.వెల్స్ 1895లో రాసిన నవల. అయితే దర్శకుడు సింగీతం శ్రీనివాసరావు యంత్రాన్ని తీసుకున్నారు, కథను కాదు.

వెల్స్ హీరో 8,02,701వ సంవత్సరానికి వెళ్తాడు. అక్కడ మనుషులు రెండు జాతులు. పైన సుఖపడేవాళ్లు, భూమి కింద పనిచేసేవాళ్లు. బాలకృష్ణ హీరోగా వచ్చిన మన సినిమా మాత్రం 1526కి, శ్రీకృష్ణదేవరాయల కొలువుకు తీసుకెళ్లింది. కడప, కర్నూలు ఆయన ఏలిన నేలే కాబట్టి ఇక్కడి ప్రేక్షకులకు అది సొంత చరిత్ర. కానీ వెల్స్ చేసిన వర్గభేదం హెచ్చరిక తెరపైకి రాలేదు.

2024లో వచ్చిన ‘కల్కి 2898 ఏడీ’లో ఆ లోటు కొంత తీరింది. గంగ ఎండిపోతుంది, నీళ్లన్నీ పైనున్న కాంప్లెక్స్ గుప్పిట్లో ఉంటాయి. కరువు చూసిన సీమవాసికి ఇది అర్థం కావాలంటే గ్రాఫిక్స్ అక్కర్లేదు!

ఇంకో విషయం. వెల్స్ 1946లో చనిపోయారు. మన చట్టం ప్రకారం రచయిత మరణించాక 60 ఏళ్లే కాపీరైట్. అంటే 2007 నుంచి ఆయన కథల్ని ఇక్కడ ఎవరైనా తీయొచ్చు, పైసా కట్టక్కర్లేదు. కథ ఫ్రీ, కెమెరా చేతిలోని ఫోనే. గండికోట లోయ ఎలాగూ ఉంది. కావాల్సిందల్లా ఆ కథను సీమ యాసలో, సీమ దాహంతో తిరగరాసే కలం.