వంటింటి క్రియాపదములు

“తింటే గారెలే తినాలి, వింటే భారతమే వినాలి” అను సామెత నెరుగని తెలుగువాడుండడు. ఇందలి రెండవ సగమును పాఠశాల చేపట్టినది. నన్నయయు తిక్కనయు వాచకములలో నేటికిని చోటు గలవారే. మొదటి సగము వంటింటికి విడిచిపెట్టబడినది. ఆ వంటిల్లు తన పనిలో కొంత మిక్సీకిని, కొంత వీథి మొగనున్న పిండివంటల కొట్టునకును అప్పగించినది. గారెలు తినుట ఎవరును మానలేదు. గారెలతోపాటు ఇంట పుట్టి పెరిగిన మాటలు మాత్రము ఒకటొకటిగా జారిపోవుచున్నవి.

ఒక్క గారె సిద్ధమగుటకు ఎన్ని క్రియలు కావలసియుండెడివో చూడుడు. మినుములను తిరగలిలో విసరి పప్పు చేయుదురు, చేటతో చెరుగుదురు, నానవేసి, పొట్టు తేలిపోవునట్లు కడుగుదురు, రుబ్బురోట రుబ్బుదురు, చేతితో గిలకొట్టుదురు, తడి ఆకుమీద తట్టి, నడుమ చిల్లిపెట్టి, కాగిన నూనెలో జారవిడుతురు. పిండి గుల్లబారినదా లేదా అను సందేహము తీర్చుకొనుటకు చిన్న ముద్దను నీటిలో వేసిన చాలును. తేలినచో లోన గాలి చేరినదని యర్థము. మునిగినచో మరికొంతసేపు రుబ్బవలెను. ఇందు ఒక క్రియకు బదులు మరియొకటి చెల్లదు. పొడిదానిని తిరగలిలో త్రిప్పిన విసరుట, నానినదానిని పొత్రముతో త్రిప్పిన రుబ్బుట, రోకలితో పైనుండి మోదిన దంచుట, సన్నికల్లుమీద ఒత్తి రాచిన నూరుట, పప్పుగుత్తితో అదిమిన మెదుపుట. నేడు వీనిలో పెక్కింటిని “మిక్సీలో వేయుట” అను నొక్క మాట మ్రింగివేసినది. పద్మమునకు పది పర్యాయపదములు గడగడ చెప్పు విద్యార్థి, నూరుటకును రుబ్బుటకును భేదమేమని యడిగిన తెల్లబోవును.

ఇది నిఘంటువు గొడవ మాత్రమే కాదు, రుచి గొడవ కూడ. దోసకాయ పచ్చడి సంగతి చూడుడు. మినపప్పు, ఆవాలు, ఎండుమిరపకాయలు వేయించి, చింతపండును ఉప్పును చేర్చి ముందుగా రోట నూరుదురు. పచ్చి దోసకాయ ముక్కలను చివర వేసి, పచ్చడిబండతో రెండు మూడు మారులు మాత్రమే అదుముదురు. ముక్క ముక్కగానే నిలువవలెను. కారము దానికి పట్టవలెను. ఈ స్థితికి కచ్చాపచ్చా యని పేరు. యంత్రపు కత్తి ఆ ముక్కలను క్షణములో తునియలు చేసి నీరు దింపును. పచ్చడి జారుడగును, పంటికింద తగులవలసినది తగులదు. కచ్చాపచ్చాకును బరకకును, బరకకును మెత్తనకును నడుమనున్న మెట్టులను స్త్రీలు వ్రేళ్లతో కొలిచి, ఆ కొలతలకు మాటలు కల్పించిరి.

కూరల పేరులును అట్టివే. నీరు ఇగిరిపోవువరకు పొయ్యిమీద నుంచినది ఇగురు. నూనెలో వేపినది వేపుడు. పులుపుతో ఉడికినది పులుసు. పేరు తెలిసినవానికి వండు పద్ధతి సగము తెలిసినట్లే. “ఫ్రై” యనిన ఈ రహస్యమేదియు బయటపడదు. అన్నమునకు తోడుగా వడ్డించుదానిని పెద్దలు ఆదరువు అనెడివారు. ఆ మాటకు ఆధారమనియే అర్థము.

పోపు మరియు చిత్రమైనది. మినపప్పు, శనగపప్పు ముందు. అవి దోరగా వేగిన పిదప ఆవాలు. ఆవాలు చిటపటలాడిన పిదప జీలకర్ర, మిరపకాయ. తుదకు ఇంగువ, కరివేపాకు. ఈ వరుస తప్పినచో పప్పు పచ్చిగా నుండగనే ఇంగువ మాడును. ఆవగింజలోని తేమ ఆవిరియై పైపొరను పగులగొట్టుటయే ఆ చిటపట. పోపునకు పూర్వరూపము పొగపు. మొగము మోమైనట్లే పొగపు పోపైనది. 1509 నుండి 1529 వరకు ఏలిన శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యద ప్రథమాశ్వాసమున, విష్ణుచిత్తుని ఇంటి వానకాలపు విందును వర్ణించుచు, ఈ పొగపుపెట్టిన కూరలను, వడియములను, వరుగులను పేర్కొనెను. అంతకంటె గమనింపదగినది మరియొకటి కలదు. ముసురుపట్టిన దినములలో పొగ తన కన్నుల సోకకుండ ఆ యిల్లాలు కొబ్బరిచిప్పలతో వంట సాగించిన సంగతిని కూడ రాయలు విడువలేదు.

ఆ కన్నుల సంగతి మరచి రోటిని పొగడువారు నేడు పెక్కురు. వారిలో హెచ్చుమంది రోకలి పట్టియెరుగని పురుషులు. పండుగ వచ్చినదనిన తెల్లవారకముందే పప్పు రుబ్బి, భుజములు పీకుచుండగా పొయ్యి యొద్ద కూర్చున్నవారికి మిక్సీ ఒక విముక్తి. రోలు తిరిగి రావలెననుట అన్యాయము. కాని శ్రమ తొలగవలెనన్నంత మాత్రమున, ఆ శ్రమలో తరతరములుగా గడించిన తెలివి వ్రాతకెక్కకయే పోవలెనా? అమ్మమ్మను తూకమడిగిన “ఉజ్జాయింపుగా” అనును. అది లెక్క లేమి కాదు, చేతి లెక్క. దానిని విద్య యని పిలిచినవారు మాత్రము అరుదు.

ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ మాండలిక వృత్తిపదకోశము తొలి సంపుటమును, భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వమున, 1962లో ప్రకటించినది. అది వ్యవసాయపు మాటలది. 1971లో చేనేత మాటల సంపుటము వెలువడినది. పుస్తకములనుండి కాక, పని చేయువారి నోటినుండియే ఆ మాటలను సేకరించిరి. ఇంటి వంటకు కూలి లేదు గనుక దానిని వృత్తియని తలచుట తక్కువ. అయినను అట్టి సేకరణమునకు వంటింటికంటె దగ్గరి చోటు విద్యార్థికి మరియొకటి లేదు. ఒక్క ఆదివారము బాలురును బాలికలును ఇంటిలోని పెద్దలతో కలిసి ఒక పచ్చడియో పలహారమో తమ చేతులతో చేసి, పెద్దలు పలికిన మాటలతోనే దానిని వ్రాసికొని రావచ్చును. బాలురను విడువరాదు, వారే ఎక్కువగా నేర్వవలసినవారు. పరీక్షకు పనికిరాదని కొందరు ఉపాధ్యాయులు సంకోచింతురేమో. నానవేసి, రుబ్బి, తట్టి, వేయించి: క్త్వార్థకములకు ఇంతకంటె మంచి వరుస ఏ వ్యాకరణమున దొరకును?

అన్ని ఇండ్లనుండియు ఒకే మాట రాదు. ఓరుగల్లు పిల్ల సంక్రాంతి సకినాలనుగూర్చి వ్రాయును: కొత్తబియ్యపు పిండిలో నువ్వులు, వాము కలిపి, వ్రేళ్ల నడుమ నులిమి, గుడ్డమీద చుట్టలు చుట్టుట. సర్వపిండి యైనచో గిన్నె యడుగున అద్ది, వ్రేలితో గుంటలు పెట్టి, వానిలో నూనె పోయుట. కోస్తా పిల్లవాడు మరమరాలు అనుదానిని రాయలసీమవాడు బొరుగులు అనును. కర్నూలు, అనంతపురము వైపు వానితోనే ఉగ్గాని చేయుదురు. ఒకే తరగతిలో ఈ యిద్దరును ఎదురుపడినపుడు ఏది సరియైన తెలుగు అను వాదము పుట్టక మానదు. ఉపాధ్యాయుడు దానిని వెంటనే తీర్చనక్కరలేదు. ఇద్దరి అమ్మలును వానిని నీటిలో ఎంతసేపు నానవేసి పిండుదురో ముందుగా అడిగి వ్రాయింపవచ్చును.