పార్కుల బడ్జెట్‌లో తొలి రూపాయి ఎవరిది?

ఖరగ్‌పూర్‌ను రైల్వే పట్టణంగా కట్టిన బెంగాల్ నాగపూర్ రైల్వే దొరలకు తోటల బంగళాలు, కూలీలకు ఇరుకు క్వార్టర్లు ఇచ్చింది. ఆంధ్ర నుంచి వచ్చిన మన కార్మికులు ఆ క్వార్టర్లలోనే బతికారు. ఇవాళ పార్కులకు నిధులొస్తే ఉన్న తోటకే రంగు దీపాలు, ఫౌంటెన్లా? నింపురా, మథురాకాటి లాంటి కార్మిక వాడల్లో నీడ, తాగునీరు, మరుగుదొడ్డి ముందు చూడాలి.

1927లో మహాడ్ చెరువు దగ్గర అంబేడ్కర్ అడిగింది నీళ్లే కాదు, సమాన హక్కు. ప్రభుత్వ నిధులతో నడిచే బహిరంగ స్థలాల్లో కుల వివక్షను రాజ్యాంగం 15(2) అధికరణ నిషేధించింది. కానీ గేటు తెరిస్తే చాలదు. పార్కు నడిచి వెళ్లేంత దూరంలో లేకపోతే ఆ హక్కు కాగితం మీదే. అందుకే తొలి రూపాయి పార్కు లేని వాడకే దక్కాలి. పార్కు ఊడ్చే మనిషి బిడ్డ కూడా అందులో ఆడుకోవాలి.