తమ్ముడు గెలిచాడు సరే, మరి అక్క ఆట?

మొన్న సెలవులకు ఊరికి పోయినప్పుడు అందరం ఒకే ఫోన్ ముందు కూర్చొని 'తమ్ముడు' సినిమా మళ్లీ చూశాం. 1999 నాటి సినిమా, మనలో చాలామంది అప్పటికి పుట్టనే లేదు. అయినా చేతుల మీద నుంచి కార్లు పోనిచ్చే ఆ ప్రాక్టీస్ పాట వస్తే ఇప్పటికీ ఈలలే.

కథ తెలిసిందే. అన్న చక్రి కిక్ బాక్సర్, ఇంటికి ఆశ. తమ్ముడు సుబ్బు డబ్బున్నోడినని అబద్ధం చెప్పి ఇంకో అమ్మాయి వెనక తిరుగుతాడు. పక్కనే ఉన్న జాను ప్రేమ కనపడదు. అన్నను కొట్టి మంచాన పడేశాక గానీ తమ్ముడు మనిషి కాలేదు. దీనికి మూలం 1992లో వచ్చిన హిందీ సినిమా 'జో జీతా వహీ సికందర్'. అందులో కిక్ బాక్సింగ్ లేదు, సైకిల్ రేసు. అక్కడా పెద్దింటి పిల్లల కాలేజీకీ, మామూలు పిల్లల కాలేజీకీ పోటీ. బూట్లు లేకుండా మీట్‌కు పోయిన మనకు ఆ తేడా ఎవరూ చెప్పక్కర్లేదు.

ఈ సినిమాల్లో మాకు నచ్చింది ఒకటుంది. ప్రేమించినోడు ఆటకు పనికిరాడని అవి అనవు. జాను తోడున్నందుకు సుబ్బు ఆట చెడిపోలేదు.

సినిమా అయిపోయాక మాలో ఒక చెల్లి అడిగింది: "అదే జాను ఆడుతుంటే, ఆమె ప్రేమ సంగతి ఇంట్లో తెలిస్తే ఆడనిచ్చేవాళ్లా అన్నా?" ఎవ్వరం మాట్లాడలేదు. ఎందుకంటే మాకు తెలిసిన ఒక అక్క అందరికీ గుర్తొచ్చింది.

ఆ అక్క ఖోఖోలో చిరుతలాగ ఉరికేది. తొమ్మిదిలో ఉండగా పుస్తకంలో ఉత్తరం దొరికింది. అబ్బాయిని నాలుగు తిట్టి వదిలేశారు, వారానికే మ్యాచ్ ఆడాడు. అక్క పెట్టె మాత్రం ఇంటికొచ్చింది. మళ్లీ హాస్టల్‌కు పోలేదు. ఇప్పుడు మిరపకాయలు ఏరే కూలికి పోతోంది. ఆ కూలి డబ్బులతో కొన్న బూట్లు వేసుకొనే ఆమె తమ్ముడు ఈసారి పోటీలకు పోయాడు. సినిమాలో అన్న పడిపోతే తమ్ముడు లేచాడు. మన ఇళ్లలో అక్కను ఆపేసి తమ్ముణ్ణి పంపుతున్నాం.

అమ్మానాన్నల భయం ఊరికే వచ్చింది కాదు. మోసపోయిన ఆడపిల్లల్ని వాళ్లు కళ్లారా చూశారు. చిన్న వయసులో ప్రేమలు మంచివని మేమూ అనట్లేదు. తప్పనిపిస్తే కూర్చోబెట్టి చెప్పండి, ఇద్దరికీ ఒకేలా చెప్పండి. కానీ ఉత్తరం దొరికిందని చదువు, ఆట ఆపేయడం, 18 నిండకుండానే పెళ్లి చూడటం ఏం న్యాయం? పిల్లకు ధైర్యం ఇచ్చేది ఆ ఆటే కదా.

2014 మే 25న మన మాలావత్ పూర్ణ ఎవరెస్ట్ ఎక్కినప్పుడు ఆమెకు 14 ఏళ్లు నిండలేదు. సరిగ్గా ఆ వయసులోనే మన ఊళ్లలో చాలామంది ఆడపిల్లల పెట్టెలు ఇంటికొస్తున్నాయి.

ఈ మాట అక్కచెల్లెళ్లు ఇంట్లో అంటే ఎదురు చెప్తున్నారంటారు. కాబట్టి తమ్ముళ్లూ, అన్నలూ, మనమే అనాలి. మీ ఇంట్లో ఆట మానేసిన అక్కో చెల్లో ఉంటే ఈ సెలవుల్లో ఆమెను అడగండి, మళ్లీ చదువుతావా, ఆడతావా అని. ఆమె ఊ అంటే హాస్టల్ దాకా ఆమెతో మీరూ పోండి.