నింద కూడా నివేదనమే

భక్తి అనగానే ప్రసన్నవదనము, మధురస్వరము, సంతృప్తచిత్తము మనకు స్ఫురిస్తాయి. ఇష్టదైవాన్ని నిందించిన కీర్తనను ఆలయంలో ఆలపించరాదని, అది అపచారమని కొందరు పెద్దలు వాదిస్తున్నారు. వేములపల్లి, మిర్యాలగూడ పరిసర గ్రామాల రామాలయాలలో చిడతలు, హార్మోనియంతో సాగే భజనకు రామదాసు కీర్తనలే ప్రాణం గనుక ఈ వాదం విచారింపదగినది. నాకు మాత్రం అది సమ్మతం కాదు.

రామదాసు ఈ ప్రాంతానికి పరాయివాడు కాడు. కోదాడ దాటి ఖమ్మం వైపు వెళ్తే వచ్చే నేలకొండపల్లి కంచర్ల గోపన్న జన్మస్థలం. పాల్వంచ పరగణాకు తహసీల్దారై, శిస్తు ధనంతో భద్రాద్రిపై రామునికి కోవెల కట్టించి, తానీషా ఏలుబడిలో గోల్కొండ చెరసాల పాలయ్యాడు. పన్నెండేళ్ళని సంప్రదాయం చెబుతుంది. ఆ చీకటిలో ఆయన వేదాంతచర్చ చేయలేదు, లెక్క అడిగాడు. ‘ఇక్ష్వాకు కులతిలక’ కీర్తనలో ఎవరికి ఏ నగ చేయించాడో, దేనికెంత వెచ్చించాడో ఏకరువు పెట్టి, ఆ సొమ్మెవరిదని స్వామినే నిలదీశాడు. తహసీల్దారు కదా, కోపంలోనూ పద్దు తప్పలేదు!

ఇది భక్తి ఎట్లగును? నారదమహర్షి భక్తిసూత్రాలలో భగవద్విస్మరణ కలిగినప్పుడు పుట్టే పరమవ్యాకులతను భక్తిలక్షణంగా చెప్పాడు. కామక్రోధాభిమానాలు విడువలేనివైతే వాటిని కూడా భగవంతునిపైననే చూపవలెనన్నాడు. ఏకాదశవిధాలైన ఆసక్తులను లెక్కించి చిట్టచివర పరమవిరహాసక్తిని నిలిపాడు. క్రోధం లేకపోవడం కాదు, ఆ క్రోధం ఎవరివైపు తిరిగినదన్నదే సాధకుడు చూసుకోవలసినది. గోపన్న తానీషాను తిట్టుకొని ఊరకుండవచ్చును. అట్లు చేయక రామునితోనే కలహించాడు. వింటాడన్న విశ్వాసం లేనివాడు కలహించడు.

హృదయవేదన పాటగా మారడం మన దేశానికే పరిమితం కాదు. తుర్కీలో బగ్లమా అనే తంత్రీవాద్యంతో ఊరూరా పాడే జానపదగాయకులను ‘ఆషిక్’ అంటారు; ప్రేమికుడని అర్థం. బాల్యంలోనే మశూచితో చూపు కోల్పోయిన ఆషిక్ వెయ్‌సెల్ (1894–1973) వారిలో సుప్రసిద్ధుడు. పల్లెలు విడిచి ఇస్తాంబుల్ చేరిన శ్రమజీవుల శోకం 1960లు, 70లలో ‘అరబెస్క్’ అనే గానమైంది. ప్రభుత్వ రేడియో దానిని దూరంగా ఉంచినా ఓర్హాన్ గెంజెబాయ్ పాటలు జనం నాలుకలపై నిలిచాయి. అందులో దైవాన్ని పిలిచే పాటలున్నా, నింద అధికంగా విధిపైకే పోతుంది. విధికి చెవులు లేవు. రామదాసు నిందకు శ్రోత ఎదుటనే ఉన్నాడు.

ఆ కీర్తన నగల పట్టికతో ముగియదు. చివరి చరణాలలో తిట్టితినని నొచ్చుకోవద్దని, దెబ్బలు ఓర్వలేక నోరుజారితినని ఆయనే వేడుకుంటాడు. నగల చరణాలకు చప్పట్లు రాగానే కొందరు గాయకులు పాట ఆపివేస్తారు. నిందను అపచారమన్న పెద్దలు, దానిని వినోదంగా మార్చిన గాయకులు, ఇరువురూ ఆ చివరి చరణాలను మరచినట్లే. మన భజనమండళ్ళు వాటిని విడువక, ఆ చోట తాళం కొంత నెమ్మదింపజేసి పాడవలెనని నా ప్రార్థన.